మాంసం, పాలు మానినవారి భోజనం – తెలిసికొనదగిన కొన్ని విషయాలు

మనిషి తన ఆహారాన్ని మార్చుకొనుట వస్త్రం మార్చుకొన్నంత తేలిక కాదు. నాలుకకు ఒక అలవాటు, కడుపుకు ఒక అలవాటు, ఇంటికి ఒక అలవాటు ఉంటాయి. ఈ మూడింటినీ ఒప్పించిన తరువాతనే కొత్త భోజనం నిలుస్తుంది. వీటన్నింటికంటె ముఖ్యంగా శరీరానికి ఒక లెక్క ఉన్నది. నాలుకను మభ్యపెట్టవచ్చును, ఇంటివారిని బ్రతిమాలుకొనవచ్చును. శరీరపు లెక్కను మాత్రం ఎవరూ తప్పించుకొనలేరు. ఈ వ్యాసంలో ఆ లెక్కను గూర్చి వివరించదలచినాను.

మన కళాశాలలో మాంసాన్నీ, పాలతో చేసిన పదార్థాలన్నింటినీ మానివేసిన విద్యార్థులు ఇప్పుడు కొందరు కనబడుతున్నారు. కొందరిది జీవులపై దయ. కొందరికి పాలలోని చక్కెర అరగదు. మరికొందరికి పాల మాంసకృత్తులే పడవు. మన దేశంలో శాకాహారి అన్నప్పుడు పాలు, పెరుగు, నెయ్యి తినేవారనే అర్థం. కనుక ఈ కొత్త భోజనానికి ఆ మాట చాలదు. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు పాలు, గ్రుడ్లు కూడా ముట్టనివారికోసం ప్రత్యేకంగా ఒక సంఘం స్థాపించి, 'వీగన్' అనే మాటను వాడుకలోకి తెచ్చినారు. ఆ మాటే నేడు అన్ని దేశాలకూ వ్యాపించింది.

ఈ విషయాన్ని నేను కేవలం గ్రంథాలనుండి తెలిసికొనలేదు. కొన్ని సంవత్సరాల క్రితం నాకు పాలు పడవని వైద్యులు తేల్చినారు. మాంసం మానుట నా స్వంత నిర్ణయం. రెండింటినీ ఒకే వారంలో మానివేసినాను. ఏమి మానవలెనో నాకు స్పష్టంగా తెలుసు. వాటి స్థానంలో ఏమి తినవలెనో ఆలోచించలేదు. అన్నం, చారు, ఊరగాయ, బంగాళాదుంప వేపుడు – ఇదే నా భోజనమైనది. తొలి మాసాలలో నీరసం వచ్చింది. కొత్తగా మారినందువలన అనుకొన్నాను. మూడేండ్ల తరువాత పాదాలలో తిమ్మిరి మొదలైనది. తరగతిలో గంటల తరబడి నిలుచుండుట వలన అనుకొన్నాను. ఒకనాడు నల్లబల్ల మీద ప్రతిదినం వ్రాసే ఒక సాధారణమైన పదం జ్ఞాపకం రాక, విద్యార్థుల ముందు సుద్దముక్క పట్టుకొని అట్లే నిలిచిపోయినాను. ఆనాడు భయం కలిగింది. రక్తపరీక్షలో విటమిన్ బి-12 అత్యల్పంగా ఉన్నదని తేలింది. సూదిమందులు, మాత్రలు తీసికొన్న తరువాత చాలవరకు కోలుకొన్నాను. కాని కుడి పాదపు వ్రేళ్ళలో కొంత తిమ్మిరి నేటికీ మిగిలియున్నది. ఆ తప్పు భోజనానిది కాదు, తెలియక చేసిన నాది. మరొకరు ఆ తప్పు చేయకుండుటకే ఈ వ్యాసం.

మాంసకృత్తులు

మాంసం మానుతున్నానని చెప్పగానే అందరూ వేసే మొదటి ప్రశ్న, "మరి బలం ఎట్లా?" అన్నది. దీనికి సమాధానం మన నగరంలోనే ఉన్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు ప్రారంభించిన చిన్న విభాగమే క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందినది. భారతీయులకు ఏ పోషకం ఎంత కావలెనో తెలిపే ప్రమాణాలు ఈ సంస్థ నుండే వెలువడుతున్నాయి. 2020 నాటి ప్రమాణాల ప్రకారం పెద్దవారికి శరీరపు బరువులో ప్రతి కిలోగ్రాముకు దినానికి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. అనగా 60 కిలోల విద్యార్థికి సుమారు 50 గ్రాములు.

ఇది పప్పుధాన్యాలతో లభిస్తుందా? లెక్క వేసి చూతము. దినానికి 300 గ్రాముల బియ్యంలో సుమారు 23 గ్రాములు, 60 గ్రాముల కందిపప్పులో 13, గుప్పెడు పల్లీలలో, అనగా 40 గ్రాములలో 10, మొలకెత్తిన పెసలు 30 గ్రాములలో (ఇది నానకముందటి బరువు) 7. మొత్తం 53. పప్పుధాన్యాల మాంసకృత్తులు మాంసంలో ఉన్నవాటికంటె కొంత తక్కువగా జీర్ణమవుతాయి గనుక మరొక పది గ్రాములు అదనంగా ఉండుట మంచిది. ఇరవై గ్రాముల సోయా ముక్కలు ఆ పదింటినీ ఇవ్వగలవు.

ఇందులో ఒక మెలకువ గలదు. మాంసకృత్తులు ఎమినో ఆమ్లాలతో ఏర్పడినవి. వాటిలో కొన్నింటిని శరీరం స్వయంగా తయారుచేసికొనలేదు. బియ్యం, జొన్న, గోధుమలలో లైసిన్ అనే ఆమ్లం తక్కువ. పప్పులలో అది సమృద్ధి. అయితే పప్పులలో మెథియోనిన్ తక్కువ, ధాన్యాలలో అది చాలినంత ఉంటుంది. ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది. అన్నంలో పప్పు, రొట్టెతో దాల్, ఇడ్లీలో మినుములు – మన పెద్దలు రసాయన శాస్త్రం చదువకయే ఈ జతను కుదిర్చినారు. రెండూ ఒకే ముద్దలో ఉండవలెనన్న నియమం లేదు; ఒకే దినంలో తింటే చాలును. నా తొలి భోజనంలో ఊరగాయ ఉన్నది గాని పప్పు లేదు. నీరసానికి మొదటి కారణం అదియే.

కాల్షియం, ఇనుము

పాలు మానినవారికి కాల్షియం ఎక్కడిది? పెద్దవారికి దినానికి 1000 మిల్లీగ్రాములు కావలెను. వంద గ్రాముల ఆవుపాలలో ఉన్నది సుమారు 120 మాత్రమే. వంద గ్రాముల రాగులలో సుమారు 350 ఉన్నది. పొట్టు తీయని నువ్వులలో వేయికి పైగా ఉన్నది. తోటకూరలో 300కు మించి ఉన్నది. ఉదయం రాగి జావ, అన్నంలో వేయించిన నువ్వుల పొడి, మధ్యాహ్నం ఒక ఆకుకూర అలవాటు చేసికొన్నవారికి చాలా భాగం సమకూరుతుంది. అయితే ఆకులన్నీ ఒకటి కావు. పాలకూరలో ఆక్సలేట్లు మిక్కుటంగా ఉండి కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి గనుక అది శరీరానికి అందదు. మెంతికూర ఈ విషయంలో మేలు. బజారులో అమ్మే సోయాపాలు కొన్నింటిలో కాల్షియం కలుపుతారు. ఇంట్లో తీసిన సోయాపాలలోగాని, వేరుశనగ పాలలోగాని అది కలువదు. పాలవలె తెల్లగా ఉన్నంత మాత్రాన పాల గుణం రాదని గ్రహించవలెను. ఎముకలకు కాల్షియంతో పాటు విటమిన్ డి కూడా కావలెను. దానికి ప్రధానమైన ఆధారం సూర్యరశ్మి. పగలంతా గదిలోనే చదువుకొనే విద్యార్థులు, విద్యార్థినులు దీనిని మరువరాదు.

ఇనుము విషయంలో పురుషులకు దినానికి 19, స్త్రీలకు 29 మిల్లీగ్రాములు కావలెనని ప్రమాణం. మాంసంలోని ఇనుము సులభంగా రక్తంలో కలుస్తుంది. పప్పులు, ఆకుకూరలలోని ఇనుము అంత సులభంగా కలువదు. అయితే దానికి సహాయం చేసేవి, అడ్డుపడేవి కూడా మన వంటింట్లోనే ఉన్నాయి. పప్పు మీద పిండిన నిమ్మరసం, భోజనంతో తిన్న జామకాయ ముక్క, వీటిలోని విటమిన్ సి ఇనుమును గ్రహించుటకు తోడ్పడుతుంది. పులుపు కూరలు ఇనుప మూకుడులో వండితే ఆ పాత్ర నుండి కూడా కొంత ఇనుము కూరలో చేరుతుంది. టీలోని పదార్థాలు ఇందుకు విరుద్ధంగా ఇనుమును పట్టి నిలుపుతాయి. కనుక భోజనం ముగించి చేయి తుడుచుకొంటూనే టీకి పరుగెత్తే మన అలవాటు ఈ భోజనం చేసేవారికి తగదు. పాలు లేని టీ అయినా సరే, కనీసం ఒక గంట విరామం ఉండవలెను. గింజలను నానబెట్టుట, మొలకెత్తించుట, పిండిని పులియబెట్టుట వలన ధాన్యంలోని ఫైటేట్లు తగ్గి ఇనుము మరింత దొరుకుతుంది.

బి-12: మరువరాని ఒక అక్షరం, ఒక అంకె

పైవన్నీ వంటింటిలో దొరికేవి. ఇక వంటింటిలో దొరకని ఒక్కదానిని గూర్చి చెప్పవలెను. 20వ శతాబ్దపు తొలి దశలలో 'పెర్నీషియస్ ఎనీమియా' అనే రక్తహీనత సోకినవారు మరణించుటే తప్ప మార్గం ఉండేది కాదు. 1926లో మైనాట్, మర్ఫీ అనే అమెరికన్ వైద్యులు ఆ రోగులకు కాలేయం తినిపిస్తే బ్రతుకుతున్నారని ప్రకటించినారు. 1934లో విపుల్‌తో కలిసి వారికి నోబెల్ బహుమానం లభించింది. ఇంచుమించు అదే కాలంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్ సారంతో అది నయమవుతున్నదని గుర్తించినది. ఆ ఈస్టులోని పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దానిని ప్రయోగశాలలో తయారుచేయుట 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో సాధ్యమైనది. ఆ పరిశోధక బృందానికి నాయకుడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఫోలిక్ ఆమ్లంతో రక్తహీనత తగ్గినా, పెర్నీషియస్ ఎనీమియా రోగులలో నరాల బలహీనత మాత్రం ఆగలేదని వైద్యులు గమనించినారు. కాలేయంలో ఉన్న అసలు పదార్థం వేరు. దానిని 1948లో అమెరికాలో, బ్రిటనులో వేరువేరుగా పనిచేసిన శాస్త్రజ్ఞులు ఎర్రని స్ఫటికాల రూపంలో రాబట్టినారు. అదియే బి-12. ఎక్స్-కిరణాల సహాయంతో దాని నిర్మాణాన్ని ఛేదించిన డొరొతీ హాడ్జ్‌కిన్‌కు 1964లో నోబెల్ బహుమానం లభించింది.

ఈ చరిత్రలో మనకొక పాఠం గలదు. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవారికి ఫోలిక్ ఆమ్లం సమృద్ధిగా దొరుకుతుంది. దానివలన రక్తం బాగానే ఉన్నట్లు కనబడవచ్చును. లోపల మాత్రం బి-12 లేక నరాల పైపొర క్రమంగా దెబ్బతింటూ ఉంటుంది. తిమ్మిరి, నడకలో తడబాటు, మతిమరపు దీని లక్షణాలు. ఆలస్యమైతే కొంత నష్టం శాశ్వతంగా మిగిలిపోతుంది. శరీరానికి దినానికి కావలసినది రెండు, రెండున్నర మైక్రోగ్రాములు మాత్రమే. కాలేయంలో కొన్ని సంవత్సరాలకు సరిపడ నిల్వ ఉంటుంది గనుక, మానిన వెంటనే ఏమీ తెలియదు. మొదటి సంవత్సరం బాగానే ఉన్నాననుకొనుట ఈ మార్గంలో పెద్ద మోసం. నేను మోసపోయినది అక్కడే.

బి-12ను మొక్కలు గాని, జంతువులు గాని తయారుచేయవు. కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే చేస్తాయి. జంతువుల శరీరం ద్వారా అది మాంసంలోకి, పాలలోకి, గ్రుడ్లలోకి వస్తుంది. పులిసిన ఇడ్లీ పిండిలో అది చాలినంత ఉంటుందని నమ్ముటకు వీలులేదు. స్పైరులినా అనే నాచులో ఉన్నది చాలావరకు పోలికలో బి-12 వంటిదే గాని శరీరానికి పనికిరాదు. అందువలన మాంసం, పాలు, గ్రుడ్లు మూడూ మానినవారు బి-12 మాత్ర గాని, అది కలిపిన ఆహారం గాని తప్పక తీసికొనవలెను. మోతాదును వైద్యులు నిర్ణయించవలెను. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారికి ఈ లోపం మరింత సులభంగా వస్తుంది గనుక వారు అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకొనవలెను. పాలు త్రాగే శాకాహారులలో కూడా ఈ లోపం మన దేశంలో అరుదు కాదు. మాత్ర తీసికొంటే భోజనం అసంపూర్ణమని అంగీకరించినట్లు కాదా అని కొందరు విద్యార్థులు అడుగుతారు. ఉప్పులో అయొడిన్ కలిపి తింటున్నాము కదా! ఇది కూడా అటువంటిదే. పాలు, చేపలు మానినవారికి ఆ అయొడిన్ ఉప్పు కూడా అవసరమే.

తొలి మాసాలు

ఒక్కసారిగా మారరాదు. వారానికి కొన్ని పూటలు చొప్పున, నెల, నెలన్నర కాలంలో మారుట ఉత్తమం. పప్పులు, గింజలు హఠాత్తుగా పెరిగితే పీచు ఎక్కువై కడుపు ఉబ్బుతుంది. సెనగలు, ఉలవలు రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, మెత్తగా ఉడికించినచో బాధ తగ్గుతుంది. కొన్ని వారాలలో ప్రేగులు అలవాటు పడతాయి. కూరలలో శక్తి తక్కువ గనుక, మునుపటి కొలతలోనే తింటే బరువు తగ్గిపోవచ్చును. పల్లీలు, నువ్వులు, కొబ్బరి ఆ లోటును తీరుస్తాయి. చేప మానినవారు అవిసె గింజల పొడిని కూడా చేర్చుకొనుట మేలు.

బజారు సరుకుల విషయంలో పొట్లం మీది వివరం చదువవలెను. ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రాన పాలు లేవని కాదు. బిస్కట్లలో పాలపొడి, మిఠాయిలలో నెయ్యి ఉంటాయి. పాలు కూడా లేని పదార్థాలకు వేరే గుర్తును నిర్ణయిస్తూ 2022లో ప్రభుత్వ నియమాలు వచ్చినాయి. అయితే మాంసం, పాలు లేనిదల్లా మంచిదని భ్రమపడరాదు. మైదా రొట్టె, నూనె పకోడీ, తీపి పానీయం – వీటిలోనూ రెండూ లేవు!

గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు, మూత్రపిండాల వ్యాధి గలవారు వైద్యుల సలహా లేక ఈ మార్పు చేయరాదు.

దస్తర్‌ఖాన్ వద్ద

శరీరపు లెక్క కుదిరిన తరువాత ఇంటి లెక్క మిగులుతుంది. నేను మాంసం మానిన కొత్తలో అమ్మీ నన్ను ఏమీ అనలేదు. దస్తర్‌ఖాన్ పరచి, అలవాటుగా సాలన్ గిన్నె నావైపు జరిపి, మళ్ళీ జ్ఞాపకం వచ్చి వెనుకకు తీసికొనేది. ఆ చేయి వెనుకకు పోవుట నాకు కోపం కంటె ఎక్కువ బాధ కలిగించేది. "నా చేతి వంటలో నీకేమీ లేకుండా పోయింది బేటా" అన్నది ఒకనాడు. నాకు మాట రాలేదు.

కొన్ని వారాలకు ఆమెయే మార్గం చూపినది. ఒక శుక్రవారం దస్తర్‌ఖాన్ మీద బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, ఖట్టీ దాల్, నూనెతో చేసిన బగారా అన్నం ఉన్నాయి. "ఇవన్నీ మీ దాదీ వండినవే కదా! వీటిలో గోష్త్ ఎక్కడున్నది, దూద్ ఎక్కడున్నది?" అని నవ్వినది. నిజమే. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూరిన ముద్ద, చింతపండు పులుసు – హైదరాబాదీ వంటకు ప్రసిద్ధి తెచ్చిన ఆ రుచులలో మాంసం లేదు, పాలు లేవు. శాస్త్రం చెప్పే నువ్వులు, పల్లీలు మా ఇంటి రోటిలో తరతరాలుగా నలుగుతూనే ఉన్నాయి. తెలుగు ఇండ్లలోని గోంగూర పప్పు, పెసరట్టు, సర్వపిండి, పులిహోర, గుగ్గిళ్ళు కూడా ఇట్టివే. కొత్త భోజనమంటే కొత్త దేశపు వంట కానక్కరలేదని ఆనాడు గ్రహించినాను.

విందులకు వెళ్ళినపుడు ముందుగా ఒక మాట చెప్పి, ఉన్నదానిలో తినదగినది తిని, వడ్డించిన చేతిని మెచ్చుకొని రావలెను. మనం తిననిదానిని తినేవారి ముందు దాని దోషాలను ఎంచుట సభ్యత కాదు. పండుగనాడు బిర్యానీ తినే తమ్ముని ప్రక్కన కూర్చుండి నేను ఖట్టీ దాల్ తింటాను. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

వసతి గృహానికి కొన్ని మనవులు

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు, వసతి గృహ నిర్వాహకులకు నా మనవి. ఎవరి భోజనాన్నీ మార్చమని నేను కోరను. కాని పప్పు తాలింపు నూనెతో వేసి, నెయ్యి వేరుగా వడ్డించినచో అందరూ ఆ పప్పు తినగలరు. వారంలో కొన్ని ఉదయాలు రాగి జావ, సాయంకాలం పకోడీలకు బదులు గుగ్గిళ్ళు, ప్రతి పూటా ఒక నిమ్మ ముక్క – ఇవి మాంసం తినే విద్యార్థులకూ మేలు చేసేవే. ఏ వంటలో పాలు, నెయ్యి కలిసినవో బోర్డు మీద వ్రాసినచో పాలు పడనివారికి బాధ తప్పుతుంది. విద్యార్థుల వైద్య పరీక్షలలో రక్తహీనత పరీక్షతో పాటు బి-12 పరీక్షను కూడా చేర్చినచో, నా వలె మూడేండ్లు ఆలస్యంగా తెలిసికొనే దుస్థితి మన పిల్లలకు రాదు.

విద్యార్థి మిత్రులారా! మానుట సంకల్పంతో జరుగుతుంది. నిలుచుట జ్ఞానంతో జరుగుతుంది. ఏ కారణం చేతనైనా మీరు ఈ మార్గాన్ని ఎన్నుకొంటే, మానినవాటి పట్టిక ప్రక్కనే వాటి స్థానంలో తినవలసినవాటి పట్టిక కూడా వ్రాసికొనండి. ఆ రెండవ పట్టికలో పప్పు, రాగి, నువ్వులు, ఆకుకూర, నిమ్మ ఉండవలెను. బి-12ను మాత్రం మరువవద్దు.